మూడక్షరాల చోట మూడక్షరాలు

నేను చేసిన పనుల్లో పదిమందీ మెచ్చుకున్నది ఒక్కటే ఉంది. ఎప్పుడు గుర్తొచ్చినా సిగ్గుపడేదీ దాని గురించే. పాతికేళ్ల వయసులో అది తప్పని ఎవరైనా చెప్పి ఉంటే వాళ్లతో కొట్లాటకు దిగేవాణ్ణి.

తొంభైల మొదట్లో కరీంనగర్ బస్టాండుకు దగ్గర్లో మాకొక కంప్యూటర్ల షాపు ఉండేది. మాకు అంటున్నాను గాని, షాపు మా పెద్దబాపు కొడుకుది, నాకు అన్న వరస. ఆయనకు వ్యవసాయం మీద విసుగొచ్చింది. కొన్నాళ్లు నీళ్ల మోటార్లు అమ్మాడు, అదీ అచ్చిరాక కంప్యూటర్లలోకి దిగాడు. స్క్రూ డ్రైవరు ఏ చేత్తో పట్టాలో తెలియదు గాని ఎవరినైనా మాటలతో కుర్చీలో కూచోబెట్టేవాడు. నాకు హైదరాబాదులో ఆరు నెలలు నేర్చుకున్న విద్య ఉంది, మాటే రాదు. ఇద్దరం కలిస్తే ఒక పూర్తి మనిషి లెక్క. విడి భాగాలు తెచ్చి మిషన్ బిగించడం, దానికి డాస్ ఎక్కించడం, కొన్నవాళ్ల ఊరికి బస్సులో పోయి నేర్పడం నా పని.

డాస్ అంటే ఏమిటో ఇప్పటివాళ్లకు చెప్పాలి. అప్పుడు తెర మీద బొమ్మలు లేవు, వేలితో తాకి తెరుచుకునేవి లేవు. నల్లటి తెర, దాని మీద ఆరుతూ వెలుగుతూ ఒక చిన్న గీత. ఏం కావాలన్నా ఇంగ్లీషు అక్షరాల్లో మాట కొట్టాలి. లోపల ఏ ఫైళ్లున్నాయో చూడాలంటే డిఐఆర్. ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోవాలంటే సిడి. ఫైలు తీసెయ్యాలంటే డిఇఎల్. ఒక్క అక్షరం తప్పినా ‘బ్యాడ్ కమాండ్ ఆర్ ఫైల్ నేమ్’ అని తెర మీద గద్దించేది. ఆ మాటలు ఏ ఊళ్లోనైనా, ఏ కంపెనీ మిషన్‌లోనైనా అవే. కరీంనగర్‌లో నేర్చుకున్న మనిషి బొంబాయిలో కూచుని కూడా పని చేసుకోవచ్చు. అది ఎంత పెద్ద సదుపాయమో అప్పట్లో నా బుర్రకు ఎక్కలేదు.

ఇచ్చోడ దగ్గర ఒక జిన్నింగ్ మిల్లువాళ్లు మా దగ్గర మిషన్ కొన్నారు. పత్తి నుంచి గింజ వేరుచేసి బేళ్లు కట్టే మిల్లు. ఎవరి బండి ఏ పూట వచ్చింది, పత్తి ఎంత తడిగా ఉంది, ఏ షెడ్డులో పోశారు, ఆ పత్తి ఏ బేళ్లలోకి పోయింది, ఇదంతా చీటీల మీద రాసేది ఒకామె. ముప్పై దాటిన మనిషి. ఆ వైపు మాటలో మరాఠీ కలుస్తుంది కాబట్టి మిల్లులో అందరూ ఆమెను తాయి అనేవాళ్లు. అంటే అక్క అనే. నేను మన వాడుకలో అక్కా అనే పిలిచాను, ఆమె నన్ను తమ్మీ అంది.

ఆమె పదో తరగతి దాకా తెలుగులో చదివింది. టైపు లోయర్ పాసైంది కాబట్టి ఇంగ్లీషు అక్షరాలు వేళ్లకు తెలుసు, మాటల అర్థాలే తెలియవు. భర్త దుబాయిలో కట్టడాల పని చేస్తూ పరంజా మీద నుంచి పడి, తుంటి విరిగి తిరిగొచ్చాడు. నెలకోసారి ఆయన్ను కరీంనగర్‌లో డాక్టరుకు చూపించాలి. ఇచ్చోడ నుంచి నిర్మల్‌లో బస్సు మారి, జగిత్యాల మీదుగా వచ్చేసరికి ఆయన ముఖం నల్లబడిపోయేది. సీట్లో సరిగ్గా కూచోలేడు, ఒక పక్కకు ఒరిగి, కిటికీ కమ్మి పట్టుకుని అంత దూరమూ రావాలి. డాక్టరు దగ్గర పని అయ్యాక తిరుగు బస్సు దాకా మా షాపులోనే ఉండేవాళ్లు. ఆమె నాకు జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయ తొక్కు కట్టి తెచ్చేది. నేను తింటుంటే ఆయన స్టూలు మీద పక్కకు ఒరిగి కూచుని, దుబాయి ముచ్చట ఒక్కటీ చెప్పకుండా, మా షాపులో ఎన్ని వైర్లున్నాయో లెక్కపెట్టేవాడు.

ఇదంతా తర్వాతి సంగతి. నేర్పడానికి మొదటిసారి మిల్లుకు పోయిన రోజు ఆమె నోటుపుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని కూచుంది.

“డి, ఐ, ఆర్ అంటే ఏంది తమ్మీ?”

“డైరెక్టరీ అక్కా.”

“అంటే?”

“లోపల ఏమేం ఉన్నయో చూపుమని.”

“మరి చూపు అంటే చూపదా?”

“దానికి మన మాట తెల్వదక్కా.”

“దానికి గూడ నేర్పరాదు మరి? నాకు నేర్పుతున్నవు గద.”

నవ్వేశాను. తిరుగు బస్సులో నిర్మల్ దాకా నవ్వుకున్నాను. నిర్మల్ దాటాక నవ్వు పోయి ఆ మాట ఒక్కటే మిగిలింది. ఎందుకు నేర్పకూడదు?

డాస్‌లో ఒక ముఖ్యమైన ఫైలు ఉంటుంది. ఈ మాటలన్నీ దాని లోపలే వరసగా రాసి ఉంటాయి. దాన్ని విప్పి, ఒక్కొక్క అక్షరం చూస్తూ మార్చే ఉపాయం నాకు తెలుసు. ఒకటే షరతు, మూడక్షరాల మాట ఉన్నచోట మూడక్షరాల మాటే పెట్టాలి, రెండక్షరాల చోట రెండే. ఎక్కువైతే పక్కదాని మీదికి పోయి మొత్తం చెడుతుంది. షాపులో కూచుని రెండు రోజులు అదే పని. డిఐఆర్ ఉన్నచోట సి, హెచ్, యు పెట్టాను, చూ అని. సిడి బదులు పి, ఓ. పో అంటే పోతుంది. డిఇఎల్ తీసేసి టి, యు, డి, తుడు. కాపీకి నాలుగక్షరాలు, అక్కడ రాయి అని కూచోబెట్టాను. పేరు మార్చే ఆర్ఇఎన్ చోట పి, ఇ, ఆర్ సరిగ్గా పట్టింది.

ఇక ఆ గద్దింపు. బ్యాడ్ కమాండ్ ఆర్ ఫైల్ నేమ్ అనేది ఖాళీలతో కలిపి ఇరవై నాలుగు అక్షరాలు. దాని చోట ‘అర్థం కాలే, మల్ల కొట్టు’ అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి చూశాను. అది కూడా సరిగ్గా ఇరవై నాలుగు. కుర్చీలోంచి లేచి షాపులో అటూ ఇటూ తిరిగాను. ఆ సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది, ఆ సంతోషమే నన్ను ముంచింది.

మళ్లీ ఇచ్చోడ పోయినప్పుడు ఫ్లాపీ పెట్టి ఎక్కించాను. ఆమె కావాలనే ఏదో తప్పు కొట్టింది. తెర మీద అర్థం కాలే అని వచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, పక్కన కాటా దగ్గరివాళ్లను పిలిచి చూపించింది.

“చూడున్రి, దీనికి గిప్పుడు మన మాట వచ్చింది. కోపం గూడ లేదు.”

వారంలో ఆమె చేతులు కుదిరాయి. నెల తిరిగేసరికి నాకంటే వేగంగా కొట్టేది. ఆ మిల్లులో పత్తి నూగు అంతటా ఎగురుతూ ఉండేది, తెర మీద, టేబులు మీద, ఆమె తలలో. కీబోర్డు మీటల కిందికి పోయి ఇరుక్కునేది. అప్పుడు ఒక అక్షరం పడేది కాదు. ఆమె కీబోర్డును రెండు చేతులా ఎత్తి, బోర్లా తిప్పి, వెనకాల నాలుగు దెబ్బలు చరిచి, కొంగుతో తుడిచి మళ్లీ పెట్టేది. తెల్లటి నూగు రాలి పడేది, కంప్యూటరు మళ్లీ మాట వినేది. మూడు పత్తి సీజన్లు అట్లా నడిచింది. ఎప్పుడైనా మాట పని చేయకపోతే తప్పు నూగుదే, ఆమెది కాదు, మాటదీ కాదు.

మా అన్న ఈ సంగతి తెలుసుకున్నప్పుడు ముందు అర్థం చేసుకోలేదు. అర్థమయ్యాక నా వీపు మీద చరిచాడు.

“మంచిగ చేసినవ్‌రా. గిది నేర్చినోళ్లు ఇంకో షాపు మిషన్ ముంగట కూసుంటే ఏం తోచదు. మన దగ్గర్కే రావాలె.”

నేను ఆ కోణంలో ఆలోచించలేదు అని రాయాలని ఉంది గాని, విన్నాక ఆలోచించాను, నచ్చింది కూడా. మాతృభాష అని పైకి చెప్పుకున్నాను, వ్యాపారం అని లోపల తెలుసు. ఆ తర్వాత మేం అమ్మిన ప్రతి మిషన్‌లోనూ నా మాటలే. పెద్దపల్లిలో ఒక రైస్ మిల్లు ఆసామికి తుడు నచ్చలేదు, తియ్ కావాలన్నాడు, అట్లాగే మార్చిచ్చాను. జమ్మికుంటలో ఇంకొకాయనకు ఇంకో రకం. ఎవరికేం ఇచ్చామో మాకే గుర్తుండక గోడకు ఒక కాగితం అతికించుకున్నాం. బయట నుంచి ఏ కొత్త ప్రోగ్రాం తెచ్చి ఎక్కించబోయినా మధ్యలో ఆగిపోయేది, ఎందుకంటే అది కాపీ అని అడుగుతుంది, మా డాస్‌కు రాయి అంటేనే తెలుసు. అప్పుడు వాళ్లు మాకు ఫోన్ చేసేవాళ్లు, నేను పోయి సర్దేవాణ్ణి. నా ప్రయోజకత్వం అని అందరూ అనుకున్నారు.

ఇంకో దారి ఉండేది. పాత మాటలను వాటి చోట ఉండనిచ్చి, పక్కన నా మాటలతో చిన్న ఫైళ్లు పెడితే చాలు, చూ అన్నా పలుకుతుంది, డిఐఆర్ అన్నా పలుకుతుంది. అది పావుగంట పని. నాకు తెలిసిన పనే. కానీ దాంట్లో నా గొప్ప కనిపించదు, మా అన్నకు లాభం కనిపించదు. ఇప్పుడు ఎన్నిసార్లు తలచుకున్నా ఆ పావుగంట దగ్గరే ఆగిపోతాను.

నాలుగో సీజను మొదలయ్యే ముందు, కరీంనగర్‌లో ఒక పెద్ద ఆఫీసులో ముగ్గురు కంప్యూటర్ ఆపరేటర్లను తీసుకుంటున్నామని పేపర్లో పడింది. పర్మనెంటు ఉద్యోగం. టైపు రావాలి, మూడేళ్ల అనుభవం చూపాలి, పరీక్ష పాసవ్వాలి. పరీక్షకు కావలసిన మిషన్ల ఆర్డరు మా షాపుకే వచ్చింది. డాస్‌లో ఏ మార్పూ ఉండకూడదని వాళ్లు కాగితం మీద రాసి మరీ ఇచ్చారు. సంతకం చేసింది మా అన్న, ఎక్కించింది నేను. ఈ పరీక్ష సవ్యంగా జరిగితే వాళ్ల మిగతా ఆఫీసులకూ మిషన్లు మేమే ఇవ్వొచ్చునని ఆశ.

పరీక్షకు వారం ముందు ఇచ్చోడ నుంచి ఫోన్ వచ్చింది. బూత్‌లోంచి అక్క.

“తమ్మీ, నేను గూడ దరఖాస్తు పెట్టిన. నా వయసుకు గిదే ఆఖర్ది. గిది వస్తె ఆయినెను బస్సుల తిప్పుడు తప్పుతది. దవాఖాన పక్కకే ఉంటం. అక్కడ గూడ మన కంప్యూటరే ఉంటదా?”

మా అన్న ఎదురుగానే ఆఫీసువాళ్లతో టీ తాగుతున్నాడు. నేను రిసీవర్ చెవికి ఆనించుకుని అన్నాను.

“కంప్యూటర్ అంటే కంప్యూటరే అక్కా. అన్నీ ఒక్కటే. ఫికర్ చెయ్యకు.”

ఫోన్ పెట్టాక నా మాట నాకే వినిపించింది. ఆఫీసువాళ్లు వెళ్లగానే మిల్లుకు ఫోన్ చేశాను, లైను కలవలేదు. మర్నాడూ కలవలేదు. వానలకు ఆ వైపు లైన్లు పడ్డాయన్నారు. ఒక రోజు సెలవు పెట్టి బస్సెక్కితే సరిపోయేది. పది మాటలు, ఒక పూటలో ఆమెకు వచ్చేసేవి. కానీ మిషన్లు సర్దే పని ఉంది, కేబుళ్లు రాలేదు, ఎల్లుండి పోదాం అనుకున్నాను. ఆ ఎల్లుండి రాలేదు. అంతకు మించి నేను చెప్పుకోదగ్గ కారణం లేదు.

పరీక్ష రోజు హాల్లో ఓ మూలన స్క్రూ డ్రైవరు జేబులో పెట్టుకుని నిలబడ్డాను. మిషన్ ఏదైనా ఆగితే చూడటానికి. ఆమె మూడో మిషన్ ముందు కూచుంది. ఇస్త్రీ చేసిన చీర, తలలో నూగు లేదు, అందుకే ముందు పోల్చుకోలేకపోయాను. ఆమె నన్ను చూసి, హమ్మయ్య అన్నట్టు నవ్వింది. తమ్మి ఉన్నాడు కాబట్టి కంప్యూటరు మనదే అనుకున్నది. ఆ నవ్వుకు నేను తిరిగి నవ్వాను కూడా.

మొదట టైపు. అందరికంటే ముందు ఆమె ముగించింది. హైదరాబాదు నుంచి వచ్చిన పరీక్షాధికారి ఆ కాగితం తీసుకుని, తప్పుల కోసం వెతికి, తల ఊపాడు. తర్వాత రెండో భాగం. ఫ్లాపీలో ఏ ఫైళ్లున్నాయో తెర మీద చూపాలి, వాటిలో ఒకదాన్ని కాపీ చేయాలి, పేరు మార్చాలి, ఇంకొకటి తీసెయ్యాలి. రోజూ ఆమె చేసే పనే.

ఆమె సి, హెచ్, యు కొట్టింది. బ్యాడ్ కమాండ్ అని వచ్చింది.

కొంచెం నెమ్మదిగా మళ్లీ కొట్టింది. మళ్లీ అదే. పో అని కొట్టింది. మళ్లీ అదే. నేనున్న చోటికి ఆ తెర కనిపిస్తూనే ఉంది. ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత కీబోర్డును రెండు చేతులా ఎత్తి, బోర్లా తిప్పి, వెనకాల నాలుగు దెబ్బలు చరిచింది. కొంగుతో మీటలు తుడిచింది.

హాల్లో నవ్వులు. కొత్త కీబోర్డు అది, నేను ముందురోజే కవరు చింపి పెట్టాను. దాన్లోంచి ఏమీ రాలలేదు.

అధికారి వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు.

“ఏం చేస్తున్నవమ్మా?”

“మీట పడ్తలేదు సార్.”

ఆయన వంగి డిఐఆర్ కొట్టాడు. ఫైళ్లన్నీ వరసగా తెర మీదికి వచ్చాయి. ఆమె ఆ మూడక్షరాలనూ చూసింది. మూడేళ్ల కింద మొదటి రోజు నోటుపుస్తకంలో రాసుకుని, తర్వాత నేను చెప్పానని గీత పెట్టి కొట్టేసినవి.

“మీటలన్నీ పడుతున్నయి. నువ్వు కొట్టింది ఏం కమాండ్? చూ ఏంది, పో ఏంది? మూడేళ్లు పనిచేసినట్టు కాయితం పెట్టినవ్. కంప్యూటర్ ముందట ఎన్నడన్న కూసున్నవా అసలు?”

“కూసున్న సార్.”

“ఎవరు నేర్పిన్రు నీకు?”

అప్పుడు ఆమె తల తిప్పి నా వైపు చూసింది. తలుపు దగ్గర మా అన్న, ఆ ఆఫీసు పెద్ద మనిషి నిలబడి ఉన్నారు. మా అన్న నన్నే చూస్తున్నాడు. ‘సార్, ఆమె తప్పు లేదు, మాటలు మార్చింది నేను’ అని నేనంటే సరిపోయేది. నిమిషం పట్టదు. ఆ అధికారి చెడ్డవాడేం కాదు, ఒకసారి పాత మాటలు చెప్పి చూసేవాడేమో. నేను మాత్రం కింద కేబుల్ ఊడిందేమో అన్నట్టు వంగి నేల వైపు చూశాను.

“ఎవ్వలు నేర్పలే సార్,” అంది ఆమె. “నా అంతట నేనే నేర్చుకున్న.”

అధికారి ఆమె అనుభవ పత్రం మీద ఏదో రాశాడు. నకిలీ అనే రాసి ఉంటాడు. ఆమె లేచి, కుర్చీ లోపలికి జరిపి, నా పక్క నుంచే బయటికి వెళ్లింది. భర్త కింద మెట్ల దగ్గర గోడకు ఒరిగి నిలబడి ఉన్నాడు. పై నుంచి చూస్తే ఇద్దరూ బస్టాండు వైపు నడుస్తున్నారు, ఆయన ప్రతి పది అడుగులకూ ఆగుతున్నాడు, ఆమె కూడా ఆగుతోంది. ఆ రోజు షాపుకు రాలేదు.

మాకు మిగతా ఆర్డరు వచ్చింది. మా అన్న లడ్డూలు పంచాడు. నాకూ ఒకటి ఇచ్చాడు, తిన్నాను.

పది రోజులకు అసలైన డాస్ ఫ్లాపీ పట్టుకుని ఇచ్చోడ బస్సెక్కాను. మిల్లులో సీజను మొదలైంది, నూగు ఎగురుతోంది. ఆమె తన కుర్చీలోనే ఉంది. కూచో తమ్మీ అని స్టూలు జరిపింది, నీళ్లిచ్చింది. నేను తాగలేదు.

“నా సంగతి ఎందుకు చెప్పలేదక్కా ఆ రోజు?”

“నువ్వు తల వంచుకున్నవు గద తమ్మీ,” అంది. “ఇగ నేనేం చెప్త?”

కోపంగా అని ఉంటే బాగుండేది. పత్తి చీటీ చదివినంత మామూలుగా అంది. నేను ఫ్లాపీ తీశాను. పాత మాటలు మళ్లీ పెడతానని, అన్నీ నేర్పేదాకా ఇక్కడే ఉంటానని, ఇంకెక్కడన్నా పరీక్ష పడితే పనికొస్తాయని గబగబా చెప్పాను. ఆమె చెయ్యి జాపి మిషన్‌లో ఫ్లాపీ పెట్టే చోట అడ్డంగా పెట్టింది.

“వద్దు తమ్మీ. ఇంకెక్కడ పరీక్ష? ఇగ ఇక్కన్నే ఉంట గద నేను. ఇక్కడ గివే నడుస్తయి.”

చెయ్యి తీసి, నా ముందే చూ అని కొట్టింది. ఫైళ్లన్నీ వరసగా తెర మీదికి వచ్చాయి. ఫ్లాపీ జేబులో పెట్టుకుని లేచాను. అప్పటికే ఆమె కిటికీ దగ్గరికి వచ్చిన బండివాడి పేరు అడుగుతోంది.